శెట్టిగారి మూడో ప్లేటు

కొత్త స్పీకరు పెట్టె విప్పగానే ఒక వాసన వస్తుంది. థర్మోకోలు, జిగురు, చెక్కకు అంటించిన నల్ల రెక్సిను, అన్నీ కలిసిన వాసన. నిన్న మధ్యాహ్నం తిరుపతిలో మా అంగడికి ఒక పెద్ద జత వచ్చింది. అట్టపెట్టె మీది టేపు కోసి మూత తెరిచేసరికి ఆ వాసన ముక్కుకు తగిలింది. అంతే, ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా కుర్చీని వీధివైపు తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చున్నాను. కొత్తగా పనిలో చేరిన ప్రసాదు పగలబడి నవ్వాడు. "మేడం, స్పీకర్లు ఈపక్క ఉండాయి" అన్నాడు. ఉన్నాయని నాకూ తెలుసు. వాటిని చూడకూడదనే అటు తిరిగాను. గుండ్లు చేయించుకుని కొండ దిగి వచ్చే యాత్రికుల్ని చూస్తూ, వెనక మోగేది వింటూ కూర్చోవడం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. అది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. చిత్తూరులో నాకు పని నేర్పిన మునిరత్నం శెట్టిగారిది.

ఈ మధ్య ప్లేట్లకు మళ్ళీ మంచి రోజులు వచ్చాయి. ఇంక వీటి పని అయిపోయిందని పాత ఇనుప సామాన్లవాళ్ళకు వేసిన గ్రామఫోను రికార్డుల కోసం ఇప్పుడు ఇంజనీరింగు చదివే పిల్లలు, కొత్తగా ఇల్లు కట్టుకున్న డాక్టర్లు వెతుక్కుంటూ వస్తున్నారు. టర్న్‌టేబుల్ కొనేముందు అందరిదీ ఒకటే ప్రశ్న. "ఆంటీ, సెట్టు టెస్టు చేసేదానికి ఏ రికార్డు మంచిది?" వాళ్ళ ఫోన్లలో పెద్ద పెద్ద జాబితాలుంటాయి. ఏ దేశంలోనో ఎవరో మెచ్చుకున్నవి. వాటి మీద నాకు కోపమేమీ లేదు, వాటిలో మంచివి చాలా ఉన్నాయి. కానీ నేను చెప్పే జవాబు వేరు. "మీరు ఎదురుగా కూర్చుని విన్న గొంతు ఏదైనా ప్లేటు మీద ఉంటే, అది తెచ్చుకోండి" అంటాను. కొందరు మర్యాదకు తలూపుతారు, కొందరు నవ్వుకుంటూ పోతారు. శెట్టిగారిని చూసి ఉంటే నవ్వేవాళ్ళు కారు. చూడనివాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను.

మాది కాణిపాకం దారిలో రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన పల్లె. చెరకు, వేరుశనగ పండించుకునే ఇల్లు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి ఇంట్లో కూర్చున్నాను. ఆ రోజుల్లో ఆ చదువు చదివిన ఆడపిల్లను పనిలో పెట్టుకోమంటే అంగళ్ళవాళ్ళు నా ముఖం చూసేవాళ్ళు, నాయన ముఖం చూసేవాళ్ళు, తరువాత టీ తాగి పొమ్మనేవాళ్ళు. నాయన చిత్తూరు బెల్లం మండీకి వచ్చినప్పుడల్లా శెట్టిగారి అంగడి ముందు కాసేపు నిలబడి పాటలు విని పోయేవాడు. ఆ చనువుతో ఒక రోజు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. శెట్టిగారు పొట్టిగా, తెల్ల పంచె, పొడుగు చేతుల చొక్కాతో గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు. చెవుల మీద దట్టంగా వెంట్రుకలు. ఆయనా ఫిజిక్స్ చదివిన మనిషే. నా సర్టిఫికెట్లు తిరగేసి పక్కన పెట్టేశారు.

"పాప చదువు సరేలే అబ్బా. చెవులెట్లుండాయి?"

"చెవులకేం శెట్టీ" అన్నాడు నాయన రోషంగా. "రోడ్డు మీద హారను మోగితే ఇంట్లో నుంచే ఏ బస్సో చెప్తాది."

"అట్లయితే చూస్తాంలే" అని నన్ను వీధివైపు తిప్పి కూర్చోబెట్టారు. వెనక రెండు సెట్ల మీద ఒకే పాట వేసి ఏది మంచిదో చెప్పమన్నారు. రెండోదని ఠక్కున చెప్పేశాను. "పెద్దగా అరిసినోడే మంచోడని నీకెవురు చెప్పినారు పాపా?" అని నవ్వి, రెండింటి శబ్దం సమానం చేసి మళ్ళీ వేశారు. ఈసారి నాకు ఏ తేడా దొరకలేదు. నాయన పక్కనుంచి ఏదో ఒకటి చెప్పమని సైగ చేస్తున్నాడు. "తెలీలేదు సార్" అన్నాను. శెట్టిగారు గల్లా మీద చేత్తో కొట్టి, "ఇదీ మాట! తెలీలేదని చెప్పేదానికి నోరొచ్చింది గదా. రేపట్నుంచి రా" అన్నారు. దారి పొడుగునా నాయన, తెలియదన్నందుకు పని ఇచ్చే అంగడి యాడన్నా ఉంటాదా అని ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

సెట్టు వైపు వీపు పెట్టి ఎందుకు కూర్చోవాలో చేరిన వారంలోనే చెప్పారు. "కంటితో వినేవాళ్ళకి అమ్మేది శానా సుళువు పాపా. పెద్ద పెట్టె, నాలుగు లైట్లు చూపిస్తే చాలు. ఇంటికి పొయ్యి వినేటప్పుడు గదా మనల్ని తిట్టుకునేది." అందుకే కొనడానికి వచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే, కుర్చీ వీధివైపే. పెద్ద ఉద్యోగంలో ఉన్న ఒకాయనకు కోపం వచ్చి లేచిపోయిన సంగతి నాకు గుర్తుంది. శెట్టిగారు ఆపలేదు.

కంపెనీ నుంచి కొత్త సరుకు వస్తే దాన్ని మూడు ప్లేట్ల మీద పరీక్ష చేసేవాళ్ళు. అప్పటికి ఊరంతా క్యాసెట్ల రాజ్యం. అంగడిలో టర్న్‌టేబుల్ కొనేవాళ్ళే లేరు. అయినా ఆయన మాత్రం ప్లేట్లు వదల్లేదు. మొదటిది నాదస్వరం, డోలు. డోలుకు ఒక పక్క కర్రతో, ఇంకో పక్క వేళ్ళతో కొడతారు. ఆ రెండు దెబ్బలూ వేరువేరుగా వినిపించాలి. రెండింటినీ కలిపి గుద్దినట్టు వినిపించే స్పీకరును ఆయన "పొట్టోడు" అని పిలిచి పక్కన పెట్టేవారు. పొట్ట తప్ప ఇంకేమీ లేదని అర్థం. రెండోది నాటకాలవాళ్ళు వాడుకునే చప్పుళ్ళ ప్లేటు. అందులో ఉరుము, వాన, గుర్రపు డెక్కలు, రైలు ఉంటాయి. మంచి స్పీకరులో వాన చినుకు చినుకుగా పడుతుంది. చెడ్డదానిలో వేరుశనక్కాయలు వేయించినట్టు ఉంటుంది. ఒకసారి మండు వేసవిలో ఒక కొత్త జత మీద ఆ వాన పెట్టాం. పక్కింటి మిద్దె మీద వడియాలు ఎండబెట్టిన ముసలామె "వానొచ్చె, వానొచ్చె" అని అరుచుకుంటూ చాపలు లోపలికి లాక్కుంది. శెట్టిగారు ఇంకేమీ వినలేదు. "ఈ జత పాసు" అని సున్నపు ముక్కతో వెనక గీత గీసేశారు. ముసలామె మాత్రం ఆ ఏడాదంతా మాకు వడియాలు పెట్టలేదు.

మూడో ప్లేటు చిన్నది. ఒక పక్కే పాట. మద్రాసులో ఒక చిన్న కంపెనీ అచ్చు వేసింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. బంధువులకు పంచినవి కొన్ని పగిలాయి, కొన్ని ఎండకు వంకరపోయాయి. మిగిలింది ఈ ఒక్కటే. అందులో పాడింది శెట్టిగారి భార్య కామాక్షమ్మ. ఆయనకు మేనమామ కూతురు. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న మద్రాసు తీసుకుపోయి ఒక ఉయ్యాల పాట పాడించాడట. అంగడి మీది మిద్దెలోనే వాళ్ళ కాపురం. ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి పాడుతూనే పని చేసేది. బియ్యం ఏరుతూ, గిన్నెలు బోర్లిస్తూ, కూరగాయల అమ్మితో బేరం మధ్యలో కూడా. అది మెట్ల మీదుగా అంగడిలోకి వచ్చేది. నేను కామాక్షక్క అని పిలిచేదాన్ని.

మొదటి రెండు ప్లేట్లూ పాసైన సెట్టు మీద ఈ పాట వేసి, చివర్లో శెట్టిగారు మెట్లవైపు తలెత్తి కేకేసేవారు. "కామాక్షీ, ఎట్లుండాది?" పైనుంచి తీర్పు వచ్చేది. "బాగుండాది బావా" అంటే ఆ సెట్టు అమ్మకానికి. "ఎవురో పిండి తింటా పాడినట్టుండాది" అంటే వెనక్కి. ఎక్కువసార్లు వచ్చే తీర్పు మాత్రం జలుబు.

ఐరాల నుంచి వచ్చే ఒక రెడ్డిగారిని మరిచిపోలేను. మా పక్క ఊళ్ళలో ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి దగ్గర రోజుల తరబడి మహాభారతం జరుపుతారు. హరికథ, నాటకం అన్నీ ఉంటాయి. ఆ ఊరి భారతానికి మైకుసెట్టు కొనే బాధ్యత ఆయనది. పెద్ద మీసాలు, భుజాన పచ్చ తుండు. అన్నిటికంటే పెద్ద స్పీకర్లే కావాలని పట్టుబట్టారు. శెట్టిగారు వాదించకుండా వాటి మీదే మూడో ప్లేటు వేశారు. పాట అయిపోగానే పైనుంచి ఆమె గొంతు. "బావా, నాకు జలుబు చేసినట్టుండాదే!"

రెడ్డిగారు ఉలిక్కిపడ్డారు. "ఎవురప్పా అది?"

"పాడినామె" అన్నారు శెట్టిగారు.

రెడ్డిగారు లేచి తుండు సర్దుకుని మెట్లవైపు దండం పెట్టారు. "ఆ తల్లికి జలుబు చేసిన సెట్టు మాకొద్దు. ఇంగోటి సూపించు" అన్నారు. అంతకంటే చిన్న సెట్టు తీసుకుపోయి, భారతం అయ్యాక బాగా పలికిందని చెప్పడానికి పనస తొనలు పట్టుకుని మళ్ళీ వచ్చారు.

ఆ ప్లేటు అరిగిపోతుందని నాకు దిగులుగా ఉండేది. ముల్లు ఆనినప్పుడల్లా కొంత పోతుందని చదువుకున్నదాన్ని. క్యాసెట్టుకు ఎక్కించి దానితో పరీక్షిద్దామని పోరాడాను. శెట్టిగారు ఒప్పుకుని ఎక్కించనిచ్చారు. ఆ క్యాసెట్టు పెట్టి పైకి కేకేశాం. "ఎవురది, ఎదురింటామెనా?" అంది అక్క. ఆయన నా వైపు తిరిగి "చూసినావా?" అన్నారు. "పొద్దున్నుంచి దీని గొంతు నా చెవిలో ఉంటాది పాపా. దాని పక్కన పెట్టి చూస్తే ఏ సెట్టు అబద్ధం చెప్తాదో, ఏది నిజం చెప్తాదో నాకు తెలిసిపోతాది. పెద్ద పెద్ద పాటగాళ్ళ ప్లేట్లు నా కాడ లేకనా? వాళ్ళు ఎదురుగా పాడితే ఎట్లుంటాదో నాకేం తెలుసు?" ఆ క్యాసెట్టు తరువాత బూజు పట్టి పోయింది. ఎవరికీ బాధ కలగలేదు.

కొన్నేళ్ళు ఇలా సంతోషంగా గడిచాయి. తరువాత ఒక వానాకాలంలో అంగడికి ఏదో పట్టుకుంది. వచ్చిన సెట్టల్లా మూడో ప్లేటు దగ్గర తప్పడం మొదలైంది. శెట్టిగారు వినడం, పైకి కేకేసి అడగకుండానే తల అడ్డంగా ఊపడం, వెనక్కి పంపడం. "ఏందో తేటగా పలుకుతా ఉండాది పాపా, కామాక్షి మాదిరి లేదు" అనేవారు. ముల్లు మార్చారు. వైర్లు మార్చారు. టర్న్‌టేబుల్ కింద పలక సమంగా లేదని కార్పెంటరును పిలిపించారు. మంచి మంచి సెట్లు తిప్పి పంపుతుంటే కంపెనీవాళ్ళు శెట్టికి వయసైపోయిందన్నారు. నేనూ మొదట ఆయన చెవుల్నే అనుమానించాను. ఒక పొద్దున అక్క పైన పాడుతూ మధ్యలో ఆపి దగ్గింది. మళ్ళీ పాడబోయింది, గొంతు బరబరమంది. అదే సమయానికి కింద ప్లేటు తిరుగుతోంది. రెండు గొంతులూ ఒకేసారి నా చెవిన పడ్డాయి. ముల్లు ఎత్తేశాను.

"సార్" అన్నాను. "సెట్టు బాగానే ఉన్నట్టుంది. అక్క గొంతే మారింది."

దినమూ వింటున్న గొంతు కొంచెం కొంచెంగా బొంగురుపోతుంటే ఆయన చెవి దానితో పాటే సర్దుకుంది. కొత్త గొంతునే అసలుదని నమ్మి, పాత గొంతును వినిపించే సెట్లన్నిటినీ తప్పు పట్టారు. ఇలాంటి పొరపాటు ఆయన ఒక్కరే చేయగలరు. ఆ సాయంత్రమే ఆమెను వేలూరుకు తీసుకుపోయారు. గొంతులో పుండు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టర్లు చెప్పారు. ప్రాణం దక్కాలంటే గొంతు పెట్టె మొత్తం తీసేయాలన్నారు. తీసేశారు.

ఆమె ఇంటికి వచ్చింది. మెడ దగ్గర ఊపిరికి చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. పెదాలు కదిలేవి, నోట్లోంచి గాలి కూడా వచ్చేది కాదు. మిద్దె మీద గిన్నెల చప్పుడు మాత్రం వినిపించేది. ఆ నిశ్శబ్దానికి నాకు ఏడుపు వచ్చేది. భోజనం వేళ పైకి పోయి ఆమె దగ్గర కూర్చునేదాన్ని. మెల్లగా ఆమె పెదాలు చదవడం వచ్చేసింది. కూరగాయల అమ్మి వస్తే అక్క పెదాలు కదిపేది, నేను పైకి చెప్పేదాన్ని. బేరంలో ఆమె తిట్టే తిట్లు కూడా నేనే తిట్టాల్సి వచ్చేది. నేను మెత్తగా చెబితే ఒప్పుకునేది కాదు.

శెట్టిగారు మూడో ప్లేటును పైన బీరువాలో, తన పంచెల అడుగున పెట్టేశారు. దాని మాట ఎత్తొద్దని నాకు చెప్పారు. "తన పాట తానే వింటే దానికి ఎట్లుంటాది పాపా? పుండు మీద కారం చల్లినట్టు గదా." ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. అందుకే ఎదురు చెప్పలేదు. కానీ అంగడి మునుపటిలా లేదు. నాదస్వరం అయ్యాక, వాన అయ్యాక ఆయన చేతులు ఇంకో ప్లేటు కోసం వెతికి ఆగిపోయేవి. "సరేలే, బాగుండాది" అని ఏ సెట్టుకైనా గీత గీసేవారు.

మరుసటి ఏడు భారతానికి ముందు ఐరాల రెడ్డిగారు వచ్చారు. జరిగిందేదీ ఆయనకు తెలియదు. కుర్చీ తానే వీధివైపు తిప్పుకుని కూర్చున్నారు. రెండు ప్లేట్లూ విన్నారు. "ఇంగ ఆ తల్లి పాట ఎయ్యి శెట్టీ, జలుబుందో లేదో చూద్దాం" అన్నారు నవ్వుతూ.

శెట్టిగారు వైర్లు చుడుతున్నట్టు నటించారు. "ఆ ప్లేటు లేదు రెడ్డీ. పగిలిపోయినాది" అన్నారు.

పైన గిన్నెల చప్పుడు ఆగింది. బీరువా తలుపు కిర్రుమంది. కాసేపటికి కామాక్షక్క మెట్లు దిగి వచ్చింది. ఆపరేషను తరువాత ఆమె అంగడిలోకి దిగడం అదే మొదటిసారి. మెడ మీద గుడ్డ, చేతిలో ప్లేటు. తెచ్చి గల్లా మీద శెట్టిగారి ముందు పెట్టింది. నన్ను పక్కకు పిలిచి పెదాలు కదిపింది. చెప్పమంటోంది.

"సార్, ప్లేటు పగల్లేదంట, అక్క అడుగుతోంది..." అని మొదలుపెట్టాను. ఆమె నా చెయ్యి మీద చరిచింది. అట్ల కాదు, నేనన్నట్టే అను, బావా అను అని పెదాలు కదిపింది.

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తండ్రి వయసు యజమాని, ఎదురుగా రెడ్డిగారు. ఆమె నా చెయ్యి వదల్లేదు. నేను కళ్ళు దించుకుని అన్నాను. "బావా, యాడ పగిలింది? నాకు సూపించు."

రెడ్డిగారు బిత్తరపోయి నన్నూ, ఆమె మెడ మీది గుడ్డనూ మార్చి మార్చి చూశారు. ఆయనకు అర్థమైంది. తుండు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నువ్వు బాధపడతావని కామాక్షీ" అన్నారు శెట్టిగారు.

ఆమె పెదాలు వేగంగా కదిలాయి. నేను ఒక్క మాట వదలకుండా చెప్పాను. "నాకు బాధని నీకెవురు చెప్పినారు? నన్నడిగినావా? దినామూ వింటా ఉండాను, కింద నాదస్వరం అయిపోతాది, వాన అయిపోతాది. ఇంగ నా పాట ఏస్తాడేమోనని గిన్నె చేతిలో పట్టుకుని నిలబడతాను. నువ్వు ఎయ్యవు." అక్కడ ఆమె ఆగింది. నేనూ ఆగాను. తరువాత నెమ్మదిగా, నాకు తప్పకుండా అర్థం కావాలన్నట్టు పెదాలు కదిపింది. "బావా, ఆస్పత్రోళ్ళు నా గొంతు తీసినారు. నేను బతకాలని తీసినారు. నువ్వేంటికి తీసినావు?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేను ఏడ్చేశాను. నా జీవితంలో అంత బరువైన మాట ఇంకెప్పుడూ పలకలేదు. శెట్టిగారు రెండు చేతులతో ప్లేటు తీసుకుని పంచె చెంగుతో తుడిచారు. ముల్లు నేను పెట్టాను. అక్క వీధివైపు తిప్పిన కుర్చీలో, రెడ్డిగారు లేచి ఇచ్చిన కుర్చీలో కూర్చుంది. ఉయ్యాల పాట మొదలైంది. పడుచు గొంతు, తేనె పోసినట్టు నున్నటి గొంతు. ఆమె పెదాలు పాటతో పాటే కదులుతున్నాయి. అందరు ఆడవాళ్ళలాగే పాడుతోంది, శబ్దం వెనకనుంచి వస్తోంది, అంతే. నాకు ఆమె ముఖంలో బాధ కనిపించలేదు. ఎక్కడో తప్పిపోయిన బిడ్డ ఇంటికి వస్తే తల్లికి ఉండే ఆత్రం కనిపించింది.

పాట అయిపోయింది. శెట్టిగారు అలవాటు కొద్దీ మెట్లవైపే తలెత్తి "కామాక్షీ, ఎట్లుండాది?" అన్నారు. ఆమె కుర్చీలోంచి వెనక్కి తిరిగి రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుంది.

"మళ్ళా జలుబేనా తల్లీ!" అని రెడ్డిగారు గట్టిగా అనేశారు. శెట్టిగారు నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ గల్లా మీద తల పెట్టి ఏడ్చారు. అక్క లేచి పోయి ఆయన వీపు నిమురుతూ నిలబడింది. ఆ రోజు రెడ్డిగారు ఏ సెట్టు కొన్నారో నాకు గుర్తు లేదు.

ఆ తరువాత ఆమె పైన ఉండలేదు. పని కాగానే కిందికి వచ్చి వీధివైపు కుర్చీలో కూర్చునేది. పలమనేరు, పుత్తూరు నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. ఆమె తల ఊపితే కొనేవాళ్ళు, ముక్కు పట్టుకుంటే నవ్వుకుంటూ ఇంకొకటి అడిగేవాళ్ళు. ప్లేటు మాత్రం అరుగుతూ వచ్చింది. మొదట చిటపటలు, తరువాత పాట వెనక గాలి వీస్తున్నట్టు హోరు. నేను గొణుగుతూనే ఉన్నాను, వాళ్ళు వేస్తూనే ఉన్నారు. నాకు పెళ్ళై తిరుపతి వచ్చి సొంత అంగడి పెట్టుకున్నాక కూడా, చిత్తూరు పోయినప్పుడల్లా ఆ పాట వినకుండా తిరిగి రాలేదు.

ఆమె పోయినప్పుడు వెళ్ళాను. కర్మలన్నీ అయ్యాక అంగడి తెరిచిన రోజున కూడా పనిగట్టుకుని వెళ్ళాను. ఆయన మళ్ళీ ఆ ప్లేటును పంచెల అడుగున దాచేస్తారేమోనని నా భయం. నేను బస్టాండు నుంచి నడుచుకుంటూ వీధి మలుపు తిరిగేసరికే హోరు మధ్య ఉయ్యాల పాట వినిపించింది. లోపలికి పోకుండా అక్కడే నిలబడి విన్నాను.

శెట్టిగారిని ఆఖరిసారి చూసింది ఆయన అంగడి మూసేసేటప్పుడు. కబురు పెడితే వెళ్ళాను. అరలు ఖాళీ. గల్లా బల్ల మీద మూడు ప్లేట్లు పెట్టి ఉన్నాయి. "తీసకపో పాపా. నీకు పనికొస్తాయి" అన్నారు. మూడోది అక్కడే ఒకసారి వేశాను. హోరు తప్ప ఏమీ లేదు. చెవి ఆనించి వింటే అడుగున ఎక్కడో ఒక రాగం కదులుతున్నట్టుంది, లేనట్టూ ఉంది.

"మొదట్లోనే దాచి పెట్టుకుని ఉంటే కొత్తదాని మాదిరి ఉండును సార్" అన్నాను.

"ఉండును" అన్నారు. "ఎవురికోసరం?"

ఆయన ప్లేటును రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెలుతురులో తిప్పి చూశారు. గీతలన్నీ తెల్లబడిపోయాయి. ఆయన ముఖంలో దిగులు కనిపించలేదు. కడుపు నిండా అన్నం తిన్న మనిషిలా ఉన్నారు. "దీంట్లో ఇంగేమీ మిగల్లేదు పాపా" అన్నారు. "అంతా వినేసినాను."

మొదటి రెండు ప్లేట్లతో నేను ఇప్పటికీ సెట్లు పరీక్షిస్తాను. మూడోదానితో ఏ సెట్టునూ పరీక్షించలేను. అయినా అది నా దగ్గరే ఉంది. దాచుకున్న పాత ప్లేట్లు, అమ్మల, తాతల గొంతులున్న క్యాసెట్లు తెచ్చి భద్రం చేసిపెట్టమని అడిగేవాళ్ళకు చేసిస్తాను. ఇంటికి పోయి వినండి, అందరూ కూర్చుని వినండి అని కూడా చెబుతాను. నాకు మాత్రం పాట రాదు. బళ్ళో ప్రార్థనకు నిలబెడితే నన్ను వెనక వరుసలోకి తోసేవాళ్ళు. ఆ సిగ్గుతో చాలా ఏళ్ళు ఇంట్లో కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే అక్క ఉయ్యాల పాటే పాడతాను. దోసె తిప్పుతూ, జడ వేసుకుంటూ, శ్రుతి లేకుండా, సగం పదాలు మరిచిపోయి. మా ఆయన పేపరు దించి, "ఏందే, దినామూ అదే పాటా? గొంతు అరిగిపోతాది" అంటాడు. అరిగిపోనీలే అని ఇంకొంచెం గట్టిగా అందుకుంటాను.